మా వైపు బాగానే ఉంది

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోతోంది. తూర్పున ఎండ, పడమట మబ్బు. పాల డెయిరీ రేకుల కప్పు సరిగ్గా రెంటికీ మధ్యన పడింది. కప్పులో ఒక సగం మీద చినుకులు టపటపమంటున్నాయి, రెండో సగం మీద ఒక కాకి రెక్కలు ఆరబెట్టుకుంటోంది.

తీగలాయన స్కూటరు ఆపి ఆ కప్పు వంక చూశాడు. వెనక సీటు మీద నుంచి అతని భార్య దిగింది. దిగి ఆమె కూడా అటే చూసింది. మామూలు రోజైతే ఈ వింత గురించి గేటు నుంచి మిషన్ల గది దాకా ఆమె మాట్లాడేది, అతను ఊఁ కొట్టేవాడు. ఇవాళ చెరో సగం చూసుకుని లోపలికి నడిచారు.

మాటల్లేక అది తొమ్మిదో రోజు.

డెయిరీలో అతన్ని తీగలాయన అంటారు, ఆమెను పెట్టెలావిడ అంటారు. ఊరికే రాలేదు ఆ పేర్లు. గేటు దగ్గర పాల తూకం, చల్లగదుల కాపలా, ఆఫీసు కాగితాలు, అన్నీ కంప్యూటర్ల మీదే నడుస్తాయి అక్కడ. ఒకప్పుడు పనికో యంత్రం ఉండేది. ఇప్పుడు ఒక్క పెద్ద పెట్టెలోనే పద్నాలుగు ఉత్తుత్తి యంత్రాలు కాపురం ఉంటున్నాయి. చేత్తో పట్టుకుందామంటే దొరకవు, పని మాత్రం నిజం యంత్రాల్లాగే చేస్తాయి. ఆ పెట్టెను హోస్టు అంటారు. హోస్టు ఇల్లనుకుంటే లోపలివి అద్దెకున్నవాళ్ళు. ఇళ్ళ పెత్తనం ఆమెది. ఇంట్లోంచి బయల్దేరిన మాట గేటు దాకా చేరాలంటే తీగలు కావాలి, తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్చులు కావాలి. ఆ వీధుల పెత్తనం అతనిది. ఏడేళ్ళుగా ఇల్లు ఆమెది, వీధి అతనిది. ఏ గొడవా లేదు.

గొడవ అరుగు దగ్గర వచ్చింది. అరుగు ఇంటివాళ్ళు కట్టుకుంటారు, వీధివాళ్ళు కూర్చుంటారు. ఎవరిదని అడగనంతకాలం అది అందరిదీ.

పాత హోస్టుకు వయసు మీదపడింది. దాని ఫ్యాను ఉబ్బసం మనిషిలా రొప్పేది. దాన్ని ముసలిపెట్టె అనేవాళ్ళు. దాని బదులు కొత్తపెట్టె వచ్చింది. లోపలివాళ్ళు బయటి తీగలోకి దిగాలంటే హోస్టు లోపల కూడా ఒక స్విచ్చు ఉండాలి. అదీ ఉత్తుత్తిదే. ముసలిపెట్టెలో దాన్ని ఎవరో ఎప్పుడో పెట్టి పోయారు, వీళ్ళు ముట్టుకోలేదు. కొత్తపెట్టెలో కొత్తగా పెట్టాల్సి వచ్చింది.

"స్విచ్చు అన్నాక అది నా పని," అన్నాడు తీగలాయన, అన్నం దగ్గర.

"నా పెట్టెలో ఉన్నది నా పని," అంది ఆమె.

"స్విచ్చు స్విచ్చే."

"సరే, పట్టుకెళ్ళండి. అదెక్కడుందో చెయ్యి పెట్టి చూపించండి, గుడ్డలో మూటగట్టి ఇస్తాను."

అతని తల్లి పక్కనే కూర్చుని తింటోంది. ఆమె కిసుక్కున నవ్వింది. అక్కడ ఆగినా బాగుండేది. తీగలాయనకు రోజుకు పది మాటలు. పదిలో ఒకటి తప్పుగా పడితే, దాన్ని కప్పే బలం మిగతా తొమ్మిదికి ఉండదు. "గాల్లో మేడలు కట్టుకునేవాళ్ళకి వీధిలో నడిచేవాళ్ళ బాధేం తెలుస్తుందిలే," అన్నాడు. ఆమె కంచం తీసుకుని లేచిపోయింది. అదీ మొదటి రోజు.

అసలు తగువు చీమతలంత. గేటు దగ్గరి కాటా కోసం కొత్తపెట్టె నుంచి విడిగా ఒక తీగ లాగారు. తీగలో నడిచే ప్రతి మాటా ఏ వరసదో తెలియాలి. కాటా వరస నలభై. ఇంట్లోనే మెడలో నలభై అని చీటీ కట్టి పంపితే, వీధి స్విచ్చు ఆ చీటీ చదువుకుని దారి చూపుతుంది. అలా కాదనుకుంటే ఇంట్లోంచి ఏ చీటీ లేకుండా పంపొచ్చు. ఈ గుమ్మంలోంచి వచ్చినవాళ్ళంతా నలభై వాళ్ళేనని వీధి స్విచ్చే రాసుకుంటుంది. రెండూ మంచి పద్ధతులే. ఇంట్లోనూ వీధిలోనూ ఒకటే పద్ధతి ఉంటే చాలు.

పెట్టెలావిడ చీటీ కట్టి పంపింది. మా పిల్లలకు మేమే పేర్లు పెట్టుకుంటామని ఆమె వాదం. తీగలాయన చీటీ లేనివాళ్ళకే గుమ్మం తెరిచాడు. ఎవరి చీటీ వాళ్ళు రాసుకొస్తే వీధికి పెద్ద ఎందుకని అతని వాదం. ఈ పట్టింపుల మధ్య తూకం రాసే యంత్రం నలిగిపోయింది. దానికి ఆమె గుమస్తా అని పేరు పెట్టుకుంది. ఈ ఉత్తుత్తి యంత్రాలు పని ఆపకుండానే ఇల్లు మారగలవు, తింటూ తింటూ కంచంతో సహా పక్కింట్లో తేలినట్టు. గుమస్తా కూడా అలాగే ముసలిపెట్టెలోంచి కొత్తపెట్టెలోకి మారేది. మారగానే మూగదైపోయేది. వెనక్కి తెస్తే నోరు వచ్చేది.

మిషన్ల గదిలో ఒక పని పుస్తకం ఉంది. ఆమె అందులో రాసింది: "మా వైపు బాగానే ఉంది." దాని కింద అతను రాశాడు: "మా వైపు బాగానే ఉంది." మర్నాడు మళ్ళీ ఆమె, మళ్ళీ అతను. బడిలో పంతులు శిక్ష వేసి రాయించినట్టు ఆ పేజీ అడుగుదాకా నిండింది.

నిన్న మేనేజరు ఆ పేజీ చింపుకుని ఇద్దర్నీ పిలిచాడు. కళ్ళజోడు నుదుటి మీద పెట్టుకుని వాళ్ళను చూశాడు, ముక్కు మీదికి దించుకుని పేజీని చూశాడు.

"అత్త మీద కోపం దుత్త మీద అంటారు," అన్నాడు. "మీ ఇంట్లో అత్తగారు నిక్షేపంలా ఉంది. పగిలేది నా దుత్తలే. రేపు ముసలిపెట్టెను తీసేస్తున్నాను. సాయంత్రం పాలు కొత్తపెట్టె మీద తూగాలి. తూగాయా, సంతోషం. తూగలేదా, సోమవారం నుంచి మీలో ఒకళ్ళు కొండవతల డెయిరీలో పనిచేస్తారు. ఎవరన్నది రూపాయి ఎగరేసి చూస్తాను. అంతే."

కొండవతల డెయిరీ అంటే బస్సులో అయిదు గంటలు. వెళ్ళినవాళ్ళు వారానికోసారి రావడమే. తీగలాయన అక్కడి గది ఒకసారి చూశాడు. ఒక మంచం, ఒక కంచం, గోడకు ఒకే ఒక్క మేకు. ఒక చొక్కాకు ఒక మేకు చాలని కొట్టినట్టుంది ఎవరో. నిన్నటి నుంచి ఆ మేకు అతని కళ్ళముందు నుంచి కదలడం లేదు.

పొద్దున బయల్దేరేటప్పుడు తల్లి ఒకే డబ్బా చేతికిచ్చింది. తొమ్మిది రోజులుగా రెండు డబ్బాలు సర్దుతోంది.

"రెండో దాని మూత కనబళ్ళేదురా," అంది. "ఒకదాంట్లోనే పెట్టాను. కలిసి తింటారో కొట్టుకు తింటారో మీ ఇష్టం."

ఆ డబ్బాను మిషన్ల గదిలో కిటికీ గూట్లో పెట్టి అతను తన గదికి పోయాడు.

పదకొండుకు పొద్దుటి పాలు అయిపోయాయి. సాయంత్రం బండ్లు మూడింటికి. మార్పులు చేయాలంటే ఆ మధ్యలోనే. తీగలాయన తన స్విచ్చు తెర ముందు కూర్చున్నాడు. పదిహేడో గుమ్మం, కొత్తపెట్టె నుంచి కాటా తీగ వచ్చి కలిసే చోటు. చాలాసేపు దాన్ని చూశాడు. గోడ మీద మేకు ఒకటి కనిపించింది. అది క్యాలెండరు మేకే. అయినా అతని చెయ్యి కీబోర్డు మీదికి పోయింది.

నాలుగు అక్షరాలు కొట్టాడు. పదిహేడో గుమ్మం ఇకనుంచి చీటీతో వచ్చినవాళ్ళనే రానిస్తుంది. ఆమె మాటే నెగ్గింది.

నెగ్గిందని ఆమెతో చెప్పలేదు. చెప్పాలంటే మాట్లాడాలి. మాట్లాడాలంటే ముందు ఎవరో ఒకరు మాట్లాడాలి. గుమస్తా నోరు విప్పినప్పుడు తనే తెలుసుకుంటుందిలే అనుకున్నాడు. తెలుసుకుని ఆమె ముఖం ఎలా పెడుతుందో ఊహించుకుని ఒంటరిగా నవ్వుకున్నాడు కూడా.

అంతలో మేనేజరు ఫోను చేశాడు. "ఏమయ్యా, ముసలిపెట్టెను తీసేయనా?"

"నిక్షేపంగా తీసేయండి."

"చిత్రంగా ఉందే. మీ ఆవిడా అచ్చం ఇదే మాటంది."

తీగలాయనకు అది కాస్త వింతగా తోచింది. ఆమెకు అంత ధైర్యం ఎక్కడిది? ఆలోచించాల్సింది అక్కడే. కానీ తగ్గినవాడికి ఒక సుఖం ఉంటుంది, ఆ సుఖంలో ఆలోచన రాదు.

పన్నెండుకు గుమస్తాతో సహా పద్నాలుగు మందీ కొత్తింట్లోకి దిగారు. ఇద్దరు మనుషులు వచ్చి ముసలిపెట్టెను ఊడదీసి బండి మీద దొర్లించుకుపోయారు. ఆ రొప్పు ఆగిపోయేసరికి గదంతా చెవుడు వచ్చినట్టయింది. అటు తీగలాయన గదిలో ఫోను మోగింది. గేటు దగ్గర కాటా తాత.

"అబ్బాయ్, కాటా తెర మీద అంకెల్లేవు. అడ్డగీతలు పడుతున్నాయి. నా పుస్తకం తీయమంటావా?"

కాటా తాత నలభై ఏళ్ళు తూకాలు చేత్తో రాసినవాడు. కంప్యూటరు వచ్చాక కూడా ఆ పుస్తకాన్ని అట్ట వేసి, పెన్సిలు చెక్కి, బల్ల కింద సిద్ధంగా ఉంచుకున్నాడు. ఏదో ఒకనాడు పిలుపొస్తుందని ఆయన ఆశ. పాపం, పుస్తకంలో రాసినా లాభం లేదు. తూకం గుమస్తాకు ఎక్కితే తప్ప పాల ట్యాంకు మూత తెరుచుకోదు.

"ఉండు తాతా," అని తీగలాయన ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మిషన్ల గదికి పరుగెత్తాడు.

పెట్టెలావిడ అప్పటికే కొత్తపెట్టె ముందు నిలబడి కీబోర్డు కొడుతోంది. కొట్టడం అంటే కొట్టడమే. అతన్ని చూసి ముఖం తిప్పుకుంది. అతను పెట్టె వెనక్కి పోయి తీగ చూశాడు. తీగ బాగుంది, దీపం పచ్చగా వెలుగుతోంది. ముందు ఆమె, వెనక అతను, మధ్యలో కొత్తపెట్టెను బిగించిన నిలువెత్తు ఇనుప బీరువా. నేను తగ్గి కూర్చున్నా ఈమె ఏదో మెలిక పెట్టింది, లేకపోతే గుమస్తా ఎందుకు పలకదు అని అతనికి మండిపోతోంది. అవతల కీబోర్డు మోత వింటే ఆమెకూ అలాగే మండుతున్నట్టుంది.

ఒంటిగంట అయింది. రెండయింది. కిటికీ గూట్లో డబ్బా ఉంది. డబ్బా తీద్దామా అని ముందు అడిగినవాళ్ళు ఓడినట్టు. ఇద్దరి కడుపులూ గుర్రుమన్నాయి. ఫ్యానుల హోరులో ఎవరిది ఏదో తెలియలేదు.

గోడ ఫోను మోగింది. మళ్ళీ కాటా తాత. "అబ్బాయ్, మొదటి బండి వంతెన దాటిందట. ఎండ చూస్తే చిటచిటలాడుతోంది. పాలు నాలాగా ఓపిక పట్టవు. పుస్తకం తీశాను, ఊరికే తీశాను."

తీగలాయనకు ఒక్క దారే తోచింది. సెల్‌ఫోను తీసి ఇంటికి చేశాడు.

"అమ్మా, దానితో ఒక మాట చెప్పు."

"అదెక్కడుందిరా?"

"ఇక్కడే. పెట్టెకు అవతల."

"నువ్వెక్కడున్నావ్?"

"పెట్టెకు ఇవతల."

తల్లి ఏదో అనబోతుండగా ఆ ఇంట్లోనే రెండో ఫోను మోగడం వినిపించింది. అవతల పెట్టెలావిడ గొంతు తగ్గించి మాట్లాడుతోంది, "అత్తయ్యా, ఆయనతో ఒక మాట చెప్పండి" అని.

"హారి మీ ఇల్లు బంగారంగానూ!" అంది తల్లి రెండు ఫోన్లలోనూ కలిపి. "ఒక చెవిలో కొడుకు, ఒక చెవిలో కోడలు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఒకరి తర్వాత ఒకరు ఏడవండి. ముందు నువ్వు చెప్పరా."

"నేను ఓడిపోయానని చెప్పు. పొద్దున్నే చీటీలు ఒప్పుకున్నానని చెప్పు. ఇప్పుడు చీటీ ఉంటేనే రానిస్తున్నా. ఇంకా ఏం కావాలట?"

"అమ్మాయ్, వాడు ఓడిపోయాడట. చీటీ ఉంటేనే రానిస్తున్నాట్ట. అదేం చీటీయో నాకు తెలీదు."

బీరువాకు అవతల కీబోర్డు మోత ఆగింది.

"చీటీ ఉంటేనా?" అంది పెట్టెలావిడ. ఆ మాట అత్తగారి చెవిలోంచి తిరిగి రాకముందే బీరువా మీదుగా వచ్చేసింది. "అత్తయ్యా, నేను పొద్దున్నే చీటీలన్నీ తీసేశానే! ఆయన మాటే నెగ్గనీ అని తీసేశానే!"

"ఒరేయ్, అది చీటీలు తీసే..."

"వినపడిందమ్మా."

వినపడటమూ ఇద్దరి చేతులూ కదలడమూ ఒక్కసారే జరిగాయి. అతను ల్యాప్‌టాప్ మోకాళ్ళ మీద పెట్టుకుని నాలుగు అక్షరాలు కొట్టాడు, ఆమె అవతల టకటకా ఏదో కొట్టింది. ఇద్దరూ గోడ ఫోను వంక చూశారు.

గోడ ఫోనులో కాటా తాత. "అడ్డగీతలే అబ్బాయ్."

తీగలాయన తెర చూసుకున్నాడు. ఇప్పుడు తన గుమ్మం మళ్ళీ చీటీ లేనివాళ్ళకు తెరిచి ఉంది. ఆమె వాళ్ళ మెడలో మళ్ళీ చీటీ కట్టేసి ఉంటుంది. పొద్దున అతను తగ్గాడు, ఆమె తగ్గింది, కుదరలేదు. ఇప్పుడు ఇద్దరూ దిద్దుకున్నారు, తొమ్మిది రోజుల కిందటి చోటికే వచ్చి పడ్డారు. ఇరుకు సందులో ఎదురెదురుపడ్డ ఇద్దరు మర్యాదస్తుల్లాగా నువ్వు అటంటే నేను అటు, నువ్వు ఇటంటే నేను ఇటు. అవతల కీబోర్డు మళ్ళీ టక్కుమంది. ఆమె మళ్ళీ మార్చబోతోంది.

"నువ్వు కదలకు!" అని అరిచాడు తీగలాయన.

టక్కు ఆగింది.

"నువ్వు కదలకు. ఎక్కడున్నావో అక్కడే ఉండు. నేను కదులుతా."

"ఆ మాట నాకేనట్రా?" అంది తల్లి ఫోనులో. "నేను కదలకపోతే పొయ్యి మీద పాలు పొంగిపోతాయి."

"నీక్కాదమ్మా."

బీరువా అవతల స్టూలు జరిగింది. తర్వాత పెట్టెలావిడ అంది, తొమ్మిది రోజుల్లో మొదటిసారి అతనితోనే, "నా దగ్గర ఇప్పుడు చీటీ ఉందండీ. నలభై. చేతులు ఒళ్ళో పెట్టుకు కూర్చున్నా. కదలను."

"ఊఁ," అన్నాడు.

నాలుగు అక్షరాలు కొట్టాడు. ఈసారి ఒక్కొక్కటే చూసి కొట్టాడు.

గేటు దగ్గర బండి హారను మోగింది. బ్రేకులు కీచుమన్నాయి. డబ్బాల చప్పుడు. గోడ ఫోను మోగలేదు. మోగకపోతే మంచికా, చెడ్డకా అన్నది ఇద్దరికీ తెలియలేదు. కిటికీలోంచి చూస్తే కాటా తాత పెన్సిలు చెవిలో దోపుకుని తెర వంక చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. చివరికి పుస్తకం మూసి, అట్ట మీద దుమ్ము దులిపి, బల్ల కింద పెట్టేసి ఇటు తిరిగాడు. అప్పుడు మోగింది గోడ ఫోను.

"నాలుగు వందల పన్నెండు కిలోలు," అన్నాడు కాటా తాత, ఇంట్లో మనిషిని సాగనంపినవాడిలా. "ట్యాంకు మూత తెరుచుకుంది. ఇక నా పుస్తకం ఎందుకులే."

బీరువాకు అవతల ఆమె స్టూలు వెనక్కి జరిపిన చప్పుడు వినిపించింది.

సెల్‌ఫోను ఇంకా రెండో చెవి దగ్గరే ఉందని అప్పుడు గుర్తొచ్చింది తీగలాయనకు. "అమ్మా, ఉన్నావా?"

"ఉన్నాలే. అయిపోయిందా మీ సంసారం? పాలు పొంగనే పొంగాయి, పొయ్యంతా పాడయింది. అన్నట్టు, ఆ రెండో మూత దొరికిందిరా. అది నా కొంగుచాటునే ఉందిలే." అని రెండు ఫోన్లూ ఒకేసారి పెట్టేసింది.

మేనేజరు వచ్చాడు, కళ్ళజోడు ముక్కు మీద పెట్టుకుని. గేటు వైపు చూశాడు, కొత్తపెట్టె వైపు చూశాడు, బీరువాకు చెరోపక్క నిలబడ్డ ఇద్దర్నీ చూశాడు.

"తూగుతోంది," అన్నాడు. "బాగుంది. ఇంతకీ తప్పు ఎవరి వైపు?"

"మా వైపేనండీ," అన్నాడు తీగలాయన.

"కాదండీ, మా వైపే," అంది పెట్టెలావిడ.

మేనేజరు కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కించాడు. "నిన్నటిదాకా ఎవరి వైపూ కాదు. ఇవాళ ఇద్దరి వైపూనా? మీతో వేగడం నావల్ల కాదు తల్లీ. ఆ పని పుస్తకంలో ఏదో ఒకటి రాసి చావండి. సోమవారం ఇద్దరూ ఇక్కడే చావండి." అని వెళ్ళిపోయాడు.

పెట్టెలావిడ పని పుస్తకం తెరిచి కలం తీసింది. "ఏం రాయమంటారు?"

అతను ఆలోచించాడు. ఆ రోజు తన పది మాటలు ఎప్పుడో దాటిపోయాయి, రేపటివి కూడా వాడేసినట్టున్నాడు. "ఇంట్లో చీటీ కడతారు, వీధి చదువుకుంటుంది అని రాయి. ఎవరు ముట్టుకున్నా రెండోవాళ్ళతో నోటితో చెప్పి ముట్టుకోవాలని రాయి."

"మరి ఉత్తుత్తి స్విచ్చు ఎవరిదని రాయను?"

"రాయకు," అన్నాడు.

ఆమె రాయలేదు.

మూడున్నర దాటింది. వాన మబ్బు ఎటో పోయింది, రేకుల కప్పు మొత్తం ఒకటే ఎండ కాస్తోంది. అతను కిటికీ గూట్లోంచి డబ్బా తీశాడు. ఆమె రెండు స్టూళ్ళు జరిపి మధ్యన ఒక అట్టపెట్టె తిరగేసి పెట్టింది. కొత్త హోస్టు వచ్చిన అట్టపెట్టే అది. మూత తీస్తే అన్నం చల్లబడి గట్టిపడి ఉంది, కూర ఒక మూలకు జారింది. మధ్యలో గీత ఏమీ లేదు. అయినా ఆమె తన వైపు నుంచి మొదలుపెట్టింది, అతను తన వైపు నుంచి. ఇద్దరూ ఆకలి మీద ఉన్నారు. తల ఎత్తలేదు. కొత్తపెట్టె ఫ్యాను మెల్లగా తిరుగుతోంది, గేటు దగ్గర రెండో బండి డబ్బాలు దించుతున్నారు.

చివరికి నడిమధ్యన ఒక్క ముద్ద మిగిలింది. రెండు చేతులూ ఒకేసారి దాని మీదికి వెళ్ళాయి, ఒకేసారి వెనక్కి వచ్చాయి.

ఆమె తన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

అతను తీసుకున్నాడు.